కొలత పద్ధతి మారిన చోటే గీత: భూగర్భ జలమట్టాల డేటాకు ఆర్కైవ్స్ వర్ణన ప్రమాణాలను వర్తింపజేసిన ఒక కేసు

నేపథ్యం

భూగర్భ జలాలను గమనించే ఒక పరిశోధన విభాగం మూతపడడంతో, అది అనేక ఏళ్లుగా కూడబెట్టిన డిజిటల్ డేటా మొత్తం ఒక ఆర్కైవ్స్‌కు చేరింది. దాన్ని వర్ణించి కేటలాగులో చేర్చే పని మా బృందానికి అప్పగించారు. విభాగం పేరు, ప్రాంతం, బావుల గుర్తింపు సంఖ్యలు ఇక్కడ ఇవ్వడం లేదు. వాటితో నిమిత్తం లేకుండానే కేసు అర్థమవుతుంది.

ఆ విభాగం చేసిన పని పైకి చాలా సాదాసీదాగా కనిపిస్తుంది: కొన్ని పరిశీలక బావులలో నీరు ఏ మట్టంలో ఉందో క్రమం తప్పకుండా కొలిచి రాసి పెట్టడం. తొలినాళ్లలో సిబ్బంది టేపు దించి కొలిచి, క్షేత్ర పుస్తకాల్లో చేత్తో రాసేవారు. ఆ తర్వాత ఆ అంకెలను స్ప్రెడ్‌షీట్లలోకి ఎక్కించారు. మరికొంత కాలానికి నీటి పీడనాన్ని తమంతట తామే నమోదు చేసే లాగర్లు వచ్చాయి. చివరి దశలో అన్నింటినీ ఒక డేటాబేస్‌లోకి మార్చారు. కాబట్టి మాకు అందిన వాటిలో క్షేత్ర పుస్తకాల స్కాన్లు, స్ప్రెడ్‌షీట్లు, లాగర్ల ముడి ఫైళ్లు, సవరించిన ఫైళ్లు, డేటాబేస్ ఎగుమతి, లెక్కలకు వాడిన కొన్ని స్క్రిప్టులు, ఒక విశ్రాంత ఉద్యోగి తన సౌకర్యం కోసం తయారుచేసుకున్న పట్టిక, అన్నీ కలగాపులగంగా ఉన్నాయి.

మా ఆర్కైవ్స్‌లో కాగితపు రికార్డులను అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి రూపొందించిన ఐసాడ్-జీ ప్రమాణం ప్రకారం వర్ణిస్తారు. 2000లో వెలువడిన దాని రెండో కూర్పులో ఏడు విభాగాలుగా 26 అంశాలు ఉన్నాయి. వాటిలో సూచిక సంఖ్య, శీర్షిక, సృష్టికర్త, తేదీలు, పరిమాణం, వర్ణన స్థాయి (వర్ణిస్తున్నది మొత్తం సేకరణనా, దానిలోని ఒక భాగాన్నా, ఒక్క ఫైలునా) అనే ఆరింటిని సమాచార మార్పిడికి తప్పనిసరిగా ఎంచుతారు. అదే ప్రాంగణంలోని పరిశోధన డేటా నిల్వ విభాగం మాత్రం పరిశోధన డేటాసెట్లను ఉటంకించడానికి రూపొందిన డేటాసైట్ స్కీమాను (వివరాల చట్రాన్ని) వాడుతుంది. దానిలోనూ తప్పనిసరి అంశాలు ఆరే: గుర్తింపు సంఖ్య, సృష్టికర్త, శీర్షిక, ప్రచురణకర్త, ప్రచురణ సంవత్సరం, వనరు రకం. రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే వాటి వెనుక ఉన్న ఆలోచనలు ఎంత వేరో తెలుస్తుంది. రెండోది, డేటాసెట్ అంటే ఎవరో పూర్తిచేసి ప్రచురించిన వస్తువు అనుకుంటుంది. మొదటిది, ఏదో ఒక పని జరుగుతుండగా దాని వెంట పోగుపడిన దస్తావేజులను వర్ణిస్తున్నామనుకుంటుంది. అందుకే అది పరిమాణాన్నీ స్థాయినీ అడుగుతుంది గానీ ప్రచురణకర్తను అడగదు. మా చేతికి వచ్చిన డేటా నిస్సందేహంగా రెండో కోవకు కాక మొదటి కోవకు చెందింది. దాన్ని ఎవరూ ఏనాడూ ప్రచురించలేదు.

ఎదురైన సమస్య

డేటా అందిన కొద్ది కాలానికే ఒక పరిశోధకుడు దీర్ఘకాలిక ధోరణిని లెక్కగట్టడానికి పాత స్ప్రెడ్‌షీట్లను, కొత్త డేటాబేస్ ఎగుమతిని కలిపాడు. గ్రాఫులో ఒక సంవత్సరం దగ్గర నీటిమట్టం నిలువుగోడలా పైకి లేచింది. ప్రకృతిలో అలా జరగదు. విచారిస్తే తేలింది ఇది: రెండింటిలోనూ నిలువు వరుస పేరు ‘మట్టం’ అనే ఉంది, రెండింటిలోనూ ప్రమాణం మీటర్లే. అయితే పాత ఫైళ్లలో ఆ అంకె బావి అంచు మీది కొలత బిందువు నుంచి నీటి దాకా ఉన్న లోతు. కొత్త వాటిలో అది సముద్ర మట్టం నుంచి నీటి ఉపరితలం ఎంత ఎత్తులో ఉందో తెలిపే అంకె. ఒకటి పెరిగితే నీరు తగ్గినట్టు, మరొకటి పెరిగితే నీరు పెరిగినట్టు.

లాగర్ల ఫైళ్లలో ఇంకో చిక్కు ఉంది. గాలి పీడనాన్ని తనంతట తాను మినహాయించుకోలేని లాగర్, నీటి బరువుతో పాటు వాతావరణ పీడనాన్ని కూడా కలిపి నమోదు చేస్తుంది. వాతావరణ పీడనం దాదాపు 10.3 మీటర్ల నీటి స్తంభానికి సమానం కనుక, ముడి ఫైలును సవరించిన ఫైలుగా పొరబడితే తప్పు చిన్నదిగా ఉండదు. ఒక రకంగా అది మేలే, ఎందుకంటే కంటికి కనిపిస్తుంది. కనిపించని తప్పులతోనే అసలు ఇబ్బంది.

డేటా అప్పగించే సమయంలో తయారైన కేటలాగు రికార్డులను ఈ దృష్టితో మళ్లీ చదివాము. ఏ ఒక్క రికార్డులోనూ అబద్ధం లేదు. శీర్షిక సరైనదే, సృష్టికర్త సరైనవారే, తేదీ సరైనదే. పరిశోధకుడికి అవసరమైన సంగతి చెప్పడానికి మాత్రం ఆ రికార్డుల్లో చోటే లేదు.

ముందు చేసి చూసినవి, అవి నిలవకపోవడానికి కారణాలు

మొదటి మార్గం అప్పటికే చేతిలో ఉంది: ఏ రకం వనరుకైనా వాడే సాధారణ వర్ణన ప్రమాణమైన డబ్లిన్ కోర్‌లోని 15 అంశాలతో ఫైలుకు ఒక రికార్డు. బదిలీ సాధనమే వాటిని తయారుచేసింది కనుక, ఆ రికార్డుల వివరణ గడిలో కొలత పద్ధతిని చేరుస్తూ పోతే సరిపోతుందన్నది సహజంగా వచ్చిన ఆలోచన. ఒక బావికి సంబంధించిన ఫైళ్ల మీద దీన్ని ప్రయత్నించాము. ఒకే పద్ధతి గురించిన ఒకే వాక్యాన్ని ప్రతి రికార్డులోనూ అతికించవలసి వచ్చింది. పద్ధతి గురించి కొత్త విషయం తెలిసి ఆ వాక్యాన్ని సవరించినప్పుడల్లా ఎక్కడో ఒకచోట పాత వాక్యం మిగిలిపోయేది. ఇది శ్రద్ధకు సంబంధించిన లోపం కాదు. ఒక సమాచారం ఏ స్థాయికి చెందితే ఆ స్థాయిలో ఒక్కసారే రాయాలని, కింది స్థాయిలో దాన్ని తిరిగి చెప్పకూడదని ఐసాడ్-జీ పెట్టిన నియమం సరిగ్గా ఈ ఇబ్బందిని తప్పించడానికే. స్థాయులు లేని పద్ధతిలో ఆ నియమాన్ని పాటించడానికి వీలే ఉండదు.

దాంతో రెండో మార్గంగా ఐసాడ్-జీని ఉన్నదున్నట్టుగా వర్తింపజేశాము. విభాగాన్ని ఒక ఫాండ్స్‌గా (ఒకే సృష్టికర్త పనిలో పోగుపడిన మొత్తం దస్తావేజులుగా), పై స్థాయి ఫోల్డర్లను సిరీస్‌లుగా (అందులో ఒకే రకం పనికి చెందిన వరుసలుగా), లోపలి ఫోల్డర్లను ‘ఫైలు’ అనే వర్ణన స్థాయిగా తీసుకున్నాము. మూల క్రమాన్ని చెదరగొట్టకూడదన్న సూత్రం ఇందుకు ఆధారం. కాగితం విషయంలో ఆ సూత్రానికి గట్టి కారణం ఉంది: దస్తావేజులను వాడినవారు వాటిని పేర్చిన తీరే వారి పని తీరుకు సాక్ష్యం. అయితే ఈ ఫోల్డర్లను పేర్చింది డేటాను వాడినవారు కాదు. పాత కంప్యూటర్లను తీసేసినప్పుడు సాంకేతిక సిబ్బంది ఒక్కో యంత్రంలోని సరుకును ఒక్కో ఫోల్డర్‌లో పోసి సర్వర్ మీద పెట్టారు. షా-256 చెక్‌సమ్‌లు (ఫైలులోని సరుకును బట్టి లెక్కగట్టే గుర్తింపు అంకెలు) తీసి పోల్చితే అవే ఫైళ్లు వేర్వేరు ఫోల్డర్లలో మళ్లీ మళ్లీ కనిపించాయి. ఆ చెట్టును సిరీస్‌లుగా నిలబెట్టడమంటే యంత్రాల తొలగింపు చరిత్రను విభాగపు పని చరిత్రగా చూపించడమే. దాన్ని పూర్తిగా పారేయలేదు. ఎలా అందిందో అలాగే జాబితా చేసి, ‘ఆర్కైవ్స్ చరిత్ర’ అనే అంశం కింద వివరించాము. క్రమానికి ఆధారంగా మాత్రం తీసుకోలేదు.

ఫాండ్స్ దగ్గర కూడా ఇబ్బంది ఎదురైంది. ఆ విభాగం తన జీవితకాలంలో ఒక మాతృసంస్థ నుంచి మరోదాని కిందికి మారింది. పరిశీలన మాత్రం ఆగలేదు, అవే బావులు, అవే పుస్తకాలు. డేటాను మాతృసంస్థల వారీగా విడగొడితే ఒకే వరుస కొలతలు మధ్యకు తెగిపోతాయి. విడగొట్టకపోతే సృష్టికర్త ఎవరన్న ప్రశ్నకు సగం జవాబే వస్తుంది. ఇది కొత్త సమస్య కాదు. ఆస్ట్రేలియాలో ఆర్కైవిస్టు పీటర్ స్కాట్ 1966లో రాసిన వ్యాసంలో పరిపాలన మాటిమాటికీ మారే చోట రికార్డు గ్రూపును (ఒక సంస్థ దస్తావేజులన్నిటి సముదాయాన్ని) పట్టుకు వేలాడకుండా, సిరీస్‌ను స్థిరమైన ఆధారంగా తీసుకుని సృష్టికర్తలను దానికి విడిగా ముడివేయాలని వాదించాడు. కాగితపు దస్తావేజుల కోసం చేసిన ఆ వాదన, సంస్థలు మారినా ఏళ్ల తరబడి సాగే పరిశీలన డేటాకు ఇంకా బాగా సరిపోతుందని నా అభిప్రాయం.

గీత ఎక్కడ గీయాలి

స్కాట్ దారిలో వెళ్లి, మాతృసంస్థలకూ విభాగానికీ ఐసాడ్-జీకి తోడుగా, సృష్టికర్తలను వర్ణించడానికి ఉన్న ఐసార్ ప్రమాణం ప్రకారం విడివిడిగా ప్రామాణిక రికార్డులు తయారుచేసి, ఏ కాలంలో ఎవరి ఆధ్వర్యమో తేదీలతో సిరీస్‌కు ముడివేశాము. సృష్టికర్త సమస్య అంతటితో తీరింది. ఇక మిగిలింది ఈ కేసులో అన్నింటికన్నా ఎక్కువ చర్చకు దారితీసిన ప్రశ్న: సిరీస్ లోపల ఉప సిరీస్‌లను దేని ఆధారంగా విడదీయాలి?

ఫైలు రకాన్ని బట్టి విడదీయాలన్నది ఒక ప్రతిపాదన. నిల్వకూ భవిష్యత్తు ఫార్మాట్ మార్పులకూ అది అనుకూలం. కానీ అదే కొలతలు స్ప్రెడ్‌షీట్‌గానూ సాదా పాఠ్య పట్టికగానూ ఉన్నప్పుడు, వాటిని రెండు వేర్వేరు దస్తావేజులుగా చూపితే పాఠకుడికి లేని తేడాను ఉన్నట్టు చెప్పినట్టవుతుంది. పరికరాన్ని బట్టి విడదీయాలన్నది రెండో ప్రతిపాదన. ఇది సత్యానికి దగ్గరగా ఉంది కానీ, ఒక కంపెనీ లాగర్ స్థానంలో మరో కంపెనీ లాగర్ వచ్చినంత మాత్రాన అంకె అర్థం మారదు.

చివరికి ఒకే పరీక్షకు కట్టుబడ్డాము. ఏ రెండు ఫైళ్లనైనా పక్కపక్కన పెట్టి, ఇందులోని అంకెను అందులోని అంకె చదివినట్టే చదవవచ్చా అని అడగాలి. చదవవచ్చంటే అవి ఒకే ఉప సిరీస్. చదవకూడదంటే వేరు. ఈ పరీక్షకు పెడితే టేపుతో కొలిచిన లోతులు ఒక ఉప సిరీస్ అయ్యాయి. లాగర్ల ముడి పీడనాలు ఒకటి, గాలి పీడనాన్ని మినహాయించి సవరించిన లోతులు ఒకటి, డేటాబేస్‌లోని సముద్ర మట్ట ఆధారిత ఎత్తులు మరొకటి అయ్యాయి. టేపు లోతులున్న క్షేత్ర పుస్తకమూ, దాన్ని చూసి టైపు చేసిన స్ప్రెడ్‌షీటూ మాధ్యమం వేరైనా ఒకే ఉప సిరీస్‌లో ఉండాలని తొలుత అనిపించింది. వాటిని దగ్గరగా చూసిన తర్వాత ఆ నిర్ణయం మార్చుకోవలసి వచ్చింది.

కారణం ఖాళీ గడులు. స్ప్రెడ్‌షీట్‌లో కొలత లేని రోజు గడి ఖాళీగా ఉంది. డేటాబేస్‌లో అదే చోట -9999 అని ఉంది. పుస్తకం తెరిస్తే ఆ తేదీల ఎదురుగా రకరకాల రాతలు ఉన్నాయి: ఒకచోట ‘ఎండింది’, ఒకచోట ‘తాళం’, ఒకచోట ‘టేపు చిక్కుకుంది’. తాళం వేసి ఉండడం వల్ల కొలవలేకపోవడానికీ, బావి అడుగు దాకా టేపు దించినా నీరు తగలకపోవడానికీ ఎంతో తేడా ఉంది. మొదటిది సమాచారం లేకపోవడం. రెండోది సమాచారమే, పైగా కరువు కాలాన్ని అధ్యయనం చేసేవారికి అన్నిటికన్నా విలువైన సమాచారం. టైపు చేసిన క్షణంలో రెండూ ఒకే ఖాళీగా మారిపోయాయి. ఎండిన నెలలన్నీ లెక్కలోంచి జారిపోతే సగటు మట్టం ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. డేటా అంతా టైపు అయిపోయింది కాబట్టి భారీగా చోటు తినే స్కాన్లను ఉంచనక్కర్లేదని అప్పటికి ఒక సూచన వచ్చి ఉంది. దాన్ని తిరస్కరించాము. ఎందుకు తిరస్కరించామో మూల్యాంకనం, తొలగింపు గురించిన అంశంలో రాసిపెట్టాము, ఎందుకంటే చోటు చాలడం లేదన్న ప్రశ్న భవిష్యత్తులో తప్పకుండా మళ్లీ వస్తుంది, అప్పుడు జవాబు చెప్పడానికి మేము ఉండకపోవచ్చు. పుస్తకాలు ఒక ఉప సిరీస్‌గా, స్ప్రెడ్‌షీట్లు దాని నుంచి పుట్టిన మరో ఉప సిరీస్‌గా నిలిచాయి.

ఈ పరీక్షకు ఒక హద్దు కూడా పెట్టుకోవలసి వచ్చింది. బావి గొట్టానికి మరమ్మతు చేసినప్పుడు కొలత బిందువు ఎత్తు కొద్దిగా మారుతుంది. ఆ రోజు నుంచి ఆ బావికి లోతు అంకె అర్థం కూడా మారుతుంది. అక్షరాలా పాటిస్తే ప్రతి మరమ్మతుకూ ఒక కొత్త ఉప సిరీస్ పుట్టుకొస్తుంది. ఇక్కడ మేము చేసిన వాదన ఇది: పద్ధతిలో వచ్చిన మార్పు అన్ని బావులకూ వర్తిస్తుంది కనుక అది వర్ణనలో చెప్పవలసిన సంగతి, ఒక్కో బావికి విడిగా జరిగే మార్పు నిజానికి డేటాయే, అది పట్టికలో ఉండాలి. అలాంటి పట్టిక ఉండనే ఉంది, విశ్రాంత ఉద్యోగి సొంతంగా తయారుచేసుకున్నది, ఏ బావి బిందువు ఏ తేదీన ఎంత మారిందో రాసుకున్నది. బదిలీ జాబితాలో అది ‘ఇతరాలు’ కింద ఉంది. దాన్ని ప్రత్యేక ఐటెమ్‌గా పైకి తీసి, లోతులున్న ప్రతి ఉప సిరీస్ వర్ణన నుంచి దానికి సూచన ఇచ్చాము.

సవరించాలా, వర్ణించి ఊరుకోవాలా

కొన్ని స్ప్రెడ్‌షీట్లలోని తేదీలు క్షేత్ర పుస్తకాలతో కలవలేదు. వరుసగా పోల్చి చూస్తే ప్రతి తేదీ సరిగ్గా 1,462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు వెనక్కి జరిగి ఉంది. ఎక్సెల్‌తో చాలాకాలం పనిచేసినవారు ఈ అంకెను చూడగానే గుర్తుపడతారు. అందులో తేదీలను లెక్కించడానికి రెండు పద్ధతులు ఉన్నాయి, ఒకటి 1900 నుంచి, మరొకటి 1904 నుంచి; రెండో పద్ధతిలో ఉన్న ఎక్సెల్ ఫైలులోని తేదీలు మొదటి పద్ధతిలో ఉన్న ఎక్సెల్ ఫైలులోకి అంకెలుగా వచ్చి పడితే సరిగ్గా ఇంతే తేడా వస్తుంది.

కారణం ఇంత స్పష్టంగా తెలిసినప్పుడు నేరుగా సరిదిద్దేస్తే ఏమిటన్న మాట వచ్చింది. అందిన ఫైలును ముట్టుకోకూడదన్నదే మా నిర్ణయం. సూత్రం కోసం మాత్రమే కాదు: విభాగం తన చివరి నివేదికలకు ఆ తప్పు తేదీలనే వాడి ఉంటే, ఆ నివేదికలను పరిశీలించేవారికి తప్పు ఉన్న ఫైలే సాక్ష్యం. అందువల్ల అందిన రూపాన్ని భద్రప్రతిగా అలాగే ఉంచి, తేదీలు సరిచేసిన మరో ప్రతిని వినియోగం కోసం తయారుచేశాము. డిజిటల్ సామగ్రిని దీర్ఘకాలం భద్రపరచడానికి ఉద్దేశించిన ఓఏఐఎస్ నమూనా భద్రపరిచే ప్యాకేజీని, వినియోగదారుకు ఇచ్చే ప్యాకేజీని వేరుగా చూడమంటుంది కనుక ఇది ఆ చట్రంలో ఇమిడిపోయింది. ఎవరు, ఎప్పుడు, ఏ స్క్రిప్టుతో సరిచేశారో భద్రపరిచే క్రమంలో జరిగే చర్యలను నమోదు చేసే ప్రెమిస్ ప్రమాణం ప్రకారం ఒక సంఘటనగా నమోదైంది. ఐసాడ్-జీలోని సాంకేతిక లక్షణాల అంశంలో, సంగతి తెలియని పాఠకుడికి కూడా అర్థమయ్యేలా, రెండు వాక్యాల్లో హెచ్చరిక రాశాము.

తేదీల అంశం మరో విధంగానూ ఆలోచింపజేసింది. డేటాబేస్ ఎగుమతి విషయంలో పరిశీలన జరిగిన కాలం ఒకటి, అంకెలు ఎక్కించిన కాలం ఒకటి, ఎగుమతి తీసిన రోజు ఒకటి. ఐసాడ్-జీ తేదీల గడిలో ఏదో ఒకటే రాసి ఊరుకుంటే మిగతా రెండూ మరుగున పడతాయి. మేము దస్తావేజు తయారైన కాలాన్ని ఆ గడిలో ఉంచి, పరిశీలన కాలాన్ని ‘విషయ పరిధి’ అనే అంశంలో మొదటి వాక్యంగా పెట్టాము. డేటాసైట్‌కు పంపేటప్పుడు అక్కడ తేదీలకు రకాలు ఉన్నాయి కనుక సేకరించిన కాలం, సృష్టించిన కాలం అని విడివిడిగా పంపాము.

రెండు ప్రమాణాలను కలిపిన తీరు

ఉటంకించడానికి వాడే శాశ్వత గుర్తింపు సంఖ్యలైన డీఓఐలను ఉప సిరీస్ స్థాయిలో మాత్రమే ఇచ్చాము. ఫైలుకొకటి ఇస్తే పరిశోధకుడు దేన్ని ఉటంకించాలో తెలియక తికమకపడతాడు. మొత్తం ఫాండ్స్‌కు ఒక్కటే ఇస్తే లోతు వాడాడో ఎత్తు వాడాడో ఉటంకింపు చెప్పదు. ఒకే ఉప సిరీస్ వేర్వేరు ఫార్మాట్లలో ఉన్నప్పుడు వాటిని డేటా కేటలాగుల ప్రమాణమైన డీక్యాట్ పద్ధతిలో ఒకే డేటాసెట్‌కు వేర్వేరు పంపిణీ రూపాలుగా చూపాము. పుస్తకాల నుంచి స్ప్రెడ్‌షీట్లు, వాటి నుంచి డేటాబేస్ ఎత్తులు పుట్టిన వంశక్రమాన్ని డేటాసైట్ సంబంధాలలో ‘దీని నుంచి వచ్చింది’ అన్న బంధంతో నమోదు చేశాము.

పునరుక్తి వద్దన్న నియమం ఇక్కడ ఎదురు తిరిగింది. ఆర్కైవ్స్ కేటలాగును పైనుంచి కిందికి చదివేవారికి ఆ నియమం చక్కగా పనిచేస్తుంది. వెతుకుడు యంత్రం ద్వారా నేరుగా ఒక ఉప సిరీస్ పేజీ మీద వచ్చి పడిన పరిశోధకుడికి పై స్థాయిలోని పరిపాలన చరిత్రగానీ కొలత పద్ధతిగానీ కనిపించవు. అందుకని నిల్వలో ప్రతి సమాచారాన్నీ దాని స్థాయిలోనే ఒక్కసారి ఉంచి, పేజీగా చూపేటప్పుడూ బయటి కేటలాగులకు పంపేటప్పుడూ పై స్థాయుల వివరాలు వాటంతట అవే వచ్చి చేరేలా ఏర్పాటు చేయించాము. పై స్థాయిలో ఒక్క వాక్యం మార్చితే కింది పేజీలన్నింటిలోనూ మారుతుంది. మొదటి ప్రయత్నంలో మమ్మల్ని ఇబ్బంది పెట్టిన పని ఇప్పుడు యంత్రం చేస్తుంది.

ఫైలు స్థాయిలో వర్ణన రాయలేదు. ఫైళ్లను చెక్‌సమ్‌లతో కలిపి కట్టే బ్యాగిట్ ప్యాకేజీలోని ఫైళ్ల జాబితా, చెక్‌సమ్‌లు చాలనుకున్నాము. ఆ సమయాన్ని కొలత పద్ధతుల గురించి విశ్రాంత సిబ్బందితో మాట్లాడడానికి వెచ్చించడం మేలని తోచింది. ఏ ఫైలులోనూ లేని విషయాలు వారి దగ్గరే దొరికాయి.

ఇలాంటి పనికి పూనుకునేవారికి

స్థాయులను నిర్ణయించే ముందు కేటలాగు రాసేవారు కనీసం కొన్ని ఫైళ్లనైనా తెరిచి, వాటి మూల రూపంతో గడి గడి పోల్చి చూడాలని గట్టిగా చెబుతాను. ఖాళీ గడుల సంగతి ఏ మెటాడేటా సాధనమూ బయటపెట్టి ఉండేది కాదు. అలాగే విషయ నిపుణులను ‘ఈ డేటా ఏమిటి’ అని అడగడం కన్నా ‘ఈ అంకెను తప్పుగా చదవాలంటే ఎలా చదవవచ్చు’ అని అడిగితే ఎక్కువ రాబట్టవచ్చు. మొదటి ప్రశ్నకు పాఠ్యపుస్తకంలోని జవాబు వస్తుంది, రెండోదానికి అనుభవం వస్తుంది.

ఐసాడ్-జీ వంటి ప్రమాణాల స్థానంలో అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి తెచ్చిన రికార్డ్స్ ఇన్ కాంటెక్స్ట్స్ భావనా నమూనా 1.0 కూర్పు 2023లో వెలువడింది. సంబంధాలనే ప్రధానంగా చూసే ఆ నమూనాలో ఈ కేసు ఇంకా సులువుగా ఇమిడేది. మా సాఫ్ట్‌వేర్ దానికి సిద్ధంగా లేనందున ఇప్పటికి ఐసాడ్-జీలోనే ఉన్నాము. సృష్టికర్తల రికార్డులూ సంబంధాలూ విడిగానే ఉన్నాయి కనుక మార్పిడి అవసరమైనప్పుడు వాటిని కొత్తగా రాయనక్కర్లేదు.

బావుల ఖచ్చితమైన స్థానాంకాల మీద మాత్రం చర్చ తెగలేదు. కొన్ని బావులు ప్రైవేటు స్థలాల్లో ఉన్నందున ప్రస్తుతానికి స్థానాంకాలను కుదించిన రూపంలో వినియోగ ప్రతిలో ఉంచి, పూర్తి అంకెలను అనుమతి మీద చూపుతున్నాము. కొందరు పరిశోధకులు దీనికి అభ్యంతరం చెబుతున్నారు, వారి వాదనలోనూ పస ఉంది.

కొన్ని బావులలో పరిశీలనను మరో సంస్థ కొనసాగిస్తోంది, ఆ కొలతలు ఏటా మాకు చేరతాయి. వాటి కోసం రాసుకున్న ఒప్పందంలో, ఫైళ్లతో పాటు ఆ ఏడాది కొలత పద్ధతిలోగానీ కొలత బిందువుల్లోగానీ వచ్చిన మార్పులను రాతపూర్వకంగా ఇవ్వాలన్న షరతు ఉంది. మార్పేమీ లేకపోతే లేదని రాసి సంతకం చేయాలి. ఆ పత్రం రానంత వరకు ఫైళ్లు విడి నిల్వలో ఉంటాయి. ఏ ఉప సిరీస్‌లోనూ చేరవు.